వంతెన దగ్గరికి కంచరగాడిదను పంపండి

మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి మా గువాయకాల్ ఊళ్ళో ఏ గుమ్మం ముందు నిలబడినా ఒకే గొంతు వినబడేది. సెరఫీనా తందాసో గొంతు. తీయటి గొంతేమీ కాదు. చిన్నప్పటి నుంచీ కొండ మీద మేకల్ని అదిలించి అదిలించి గరుకెక్కిన గొంతు. ఇప్పుడు రేడియోల్లో మాట్లాడే పిల్లలున్నారే, నోట్లో బెల్లంముక్క పెట్టుకున్నట్టు మాట్లాడతారు. రేడియో కట్టేసేసరికి ఏం చెప్పారో ఒక్క ముక్క గుర్తుండదు. సెరఫీనా చదివిన కబుర్లు నాకు ఇవాళ్టికీ నోటికి వచ్చు.

"ఎల్ లిమో కొండ మీది హుంబో వాళ్ళకు. మీ కోడలికి ఆస్పత్రిలో ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ క్షేమం. గురువారం వస్తున్నారు. వంతెన దగ్గరికి కంచరగాడిదను పంపండి."

అంతే కబురు. చదివాక కాస్త ఆగేది. మళ్ళీ అదే కబురు, ఈసారి నిదానంగా. ఆ ఆగడం ఊరికే కాదు. కొండ మీద రేడియో ఉన్నవాడు బయటికి ఉరికి, లోయ అవతల రేడియో లేనివాణ్ణి కేకేసి పిలవడానికి ఆ కాస్త వ్యవధి. అప్పట్లో మా కొండలకు రోడ్డు లేదు, ఫోను లేదు, పోస్ట్‌మ్యాన్ ముఖం ఎలా ఉంటుందో కూడా ఎవరికీ తెలియదు. బస్సు వంతెన దాకా వచ్చి ఆగిపోయేది. అక్కణ్ణుంచి ఎవరి కొండ వాళ్ళు కంచరగాడిద మీద ఎక్కవలసిందే. అందుకే సగం కబుర్లకు చివర ఆ వంతెన మాట ఉండేది.

మా కొండల పద్ధతి ఒకటి చెప్పాలి, అది తెలియకపోతే ఈ కథ తలకెక్కదు. కబురు ఎవరి చెవిన పడితే, చేరవేసే బాధ్యత వాళ్ళది. వంట చేస్తూ విన్నా సరే, కాలు బెణికి మంచాన పడి విన్నా సరే. కబురు ఎవరిదో వాళ్ళ గుమ్మం దాకా వెళ్ళాలి. టోపీ తీసి, మాట మార్చకుండా చెప్పాలి. ఒకే కబురును ముగ్గురు మోసుకొచ్చినా ఇంటివాళ్ళు "తెలుసులే" అనకూడదు. అంత మోటుమాట మరొకటి లేదు. మూడోవాడి దగ్గర కూడా మొదటిసారి విన్నట్టే విని, కాఫీ పోసి పంపాలి. ఈ పద్ధతి ఎవరు పెట్టారని అడిగితే ఎవరికీ తెలియదు, తప్పినవాడి పేరు మాత్రం అందరికీ తెలుసు.

నా పేరు ఎల్విరా. రేడియో స్టేషన్ పక్కగది నాది. అందులో టెలిఫోన్ కొట్టు పెట్టాను, తర్వాత మూడు కంప్యూటర్లు తెచ్చి ఇంటర్నెట్ కూడా పెట్టాను. రెండు గదుల మధ్య ఉన్నది చెక్కగోడ. సెరఫీనా అక్కడ తుమ్మితే నేనిక్కడ "చల్లగా ఉండు" అనేదాన్ని. అంత దగ్గర.

ఆమె కథ ఊరందరికీ తెలిసిందే. పుట్టింది ఎల్ లిమో కొండ మీదే. ఆమెకు పదిహేడేళ్ళప్పుడు పెద్ద కరువు వచ్చింది. మేకలు చచ్చాయి, మొక్కజొన్న మాడిపోయింది, కుటుంబాలకు కుటుంబాలు తూర్పు అడవులకు వలస పోయాయి. సెరఫీనా అన్న బెనాన్సియో కూడా పోయాడు. పోతే పోయాడు, ఇంట్లో ఉన్న ఒక్కగానొక్క కంచరగాడిదను కూడా తోలుకుపోయాడు. ఒక తెల్లవారుజామున లేచి చూస్తే కట్టుకొయ్య ఖాళీగా ఉంది. ఆ తర్వాత తల్లీ కూతుళ్ళు ఇద్దరూ ఊట దగ్గర నుంచి రేకు డబ్బాల్లో నీళ్ళు వీపున మోశారు. ఒకరోజా, రెండు రోజులా! ఆ మోతలోనే తల్లి నడుము వంగింది. వంగిన నడుముతోనే కన్నుమూసింది. అప్పుడు సెరఫీనా కొండ దిగి ఊళ్ళోకొచ్చి, రేడియో స్టేషన్లో నేల ఊడ్చే పనికి కుదిరింది. కబుర్లు చదివే పెద్దాయన ఒకరోజు తాగి రాకపోతే, చీపురు గోడకు ఆనించి మైకు ముందు కూర్చుంది. మళ్ళీ లేస్తే ఒట్టు.

"వంతెన దగ్గరికి కంచరగాడిదను పంపండి" అని చదివేటప్పుడు ఆమె పెదవి ఒక పక్కకు వంకర తిరిగేది. చెక్కగోడ సందులోంచి నేను చూసేదాన్ని. ఎవరైనా బెనాన్సియో పేరెత్తితే ఒకటే మాట. "వాడా? వాడు మనిషి కాదు. గాడిద దొంగ." ఇంక ఆ సంగతి అక్కడితో సరి.

అలా ఏళ్ళకేళ్ళు గడిచాయి. మధ్యాహ్నం ఎండ, అరటికాయల రెపె చారు కాగుతున్న వాసన, ప్రతి ఇంట్లోంచీ ఆ గరుకు గొంతు. వీధిలో ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచినా ఒక్క కబురు కూడా తప్పిపోయేది కాదు.

ఒక ఏప్రిల్లో స్టేషన్ యజమాని దోన్ లౌతారో సెలి చంకలో కాగితాల కట్టతో వచ్చాడు. పొట్టి మనిషి, పెద్ద మీసం, అంతకంటే పెద్ద కంగారు. ఆయన అల్లుడు పట్నంలో ఉంటాడు. ఆ అల్లుడు మా రేడియోకు ఒక వెబ్‌సైట్ చేసి పెట్టాడు. స్టేషన్‌కు వచ్చిన కబుర్లన్నీ అందులో కనబడతాయి, కింద ఒక గడిలో ఎంతమంది చూశారో అంకె తిరుగుతూ ఉంటుంది.

"సెరఫీనా, ఇటు కూర్చో. నీతో పనుంది" అన్నాడాయన.

"కూర్చునే ఉన్నాను కదయ్యా. ముప్పై ఏళ్ళుగా కూర్చునే ఉన్నాను."

"వేళాకోళం ఆపు. ఎరువుల కంపెనీ వాళ్ళు ప్రకటనలు ఆపేస్తామంటున్నారు. రేడియో ఎవరు వింటున్నారో మాకేం తెలుసు అంటున్నారు. ఈ పేజీలో అయితే అంకె కనబడుతుంది. ఆగస్టు పండుగలోపు ఆ అంకె పెరిగితే ప్రకటనలు ఉంటాయి. లేకపోతే..."

"లేకపోతే?"

"మధ్యాహ్నం కబుర్ల గంటను పట్నంవాళ్ళకు ఇచ్చేయాలి. వాళ్ళు పాటలు పంపుతారట, క్యాసెట్ల మీద."

"నా గంటా?"

"ఇంకెవరి గంట ఉందమ్మా నా దగ్గర!"

సెరఫీనా కాగితాలు సర్దుకుంది, సర్దినవే మళ్ళీ సర్దింది. ఆ తర్వాత చెక్కగోడ మీద వేళ్ళతో కొట్టి, "ఎల్విరా, ఆ పేజీ అంటే ఏంటో చెప్పవే. జనాన్ని దాని దగ్గరికి తోలాలట" అంది. ఆ గంట పోతే ఈ మనిషి మిగలదని నాకు తెలుసు.

మొదలుపెట్టింది చూడండి ప్రచారం! ప్రతి కబురు తర్వాతా ఒక మాట. "ఈ కబురు పేజీలో కూడా ఉంది, ఎల్విరా కొట్టుకు వెళ్ళి చూడండి. ఎల్విరా కాస్త చిరాకు మనిషి, పట్టించుకోకండి." ఆదివారం సంతలో స్టేషన్ మైకు పట్టుకుని ఉల్లిపాయల బుట్టల మధ్య నిలబడింది. అట్టముక్క మీద పేజీ పేరు రాసి సంతకొచ్చిన మేకపోతు మెడలో కట్టింది. అది రెండు అడుగులు వేసి అట్టముక్క తినేసింది. పూజ అయ్యాక చర్చి మెట్ల మీద కాపు కాసింది. చివరికి పేజీ చూసినవాళ్ళ పేర్లతో చీటీ తీసి కోడిపెట్టను బహుమతిగా ఇస్తానని కూడా ప్రకటించింది. కోడిపెట్ట నా కొట్టు ముందు కాలికి తాడుతో దర్జాగా కూర్చుంది, గుడ్లు కూడా పెట్టింది. పేరు ఇచ్చినవాడు ఒక్కడు లేడు.

"చూస్తాంలే దోన్యా", "వచ్చే వారం దోన్యా", "కళ్ళజోడు ఇంటి దగ్గర మరిచిపోయాను దోన్యా." అందరూ దోన్యా అని గౌరవంగా పిలిచి తలూపేవాళ్ళే. నా కొట్టుకు వచ్చి ఫోన్లు చేసుకునేవాళ్ళు కూడా కంప్యూటర్ల వైపు వీపు పెట్టి నిలబడేవాళ్ళు. పేజీ కింద అంకె కదిలిందంటే అది నేను చూసినప్పుడో, పట్నంలో ఆ అల్లుడు చూసినప్పుడో. నేను ఈగలు తోలుకుంటూ కూర్చున్నాను. జనానికి ఏం రోగమో నాకు అర్థం కాలేదు.

అర్థమైంది ఒక శుక్రవారం నాడు. పై కొండ మీది ముసలి ఎర్మోహెనెస్ మా కొట్టుకు వచ్చాడు. కొంచెం చదువుకున్నవాడు, కుతూహలం ఎక్కువ. "ఏదీ, ఆ వింత ఒకసారి చూపించు" అని కుర్చీలో కూర్చున్నాడు. నేను పేజీ తెరిచి పెట్టాను. ఆయన వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాడు. "ఎల్ సౌసె ఊరి అగాపితా కాల్వాకు. నీ మనవడికి మందులు దొరికాయి..." చదివి ఠక్కున ఆగిపోయి రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

"అయ్యో దేవుడా, చచ్చాను!"

"ఏమైంది తాతా?"

"ఏమైందంటావేంటే! ఎల్ సౌసె ఎక్కడుందో తెలుసా నీకు? మా కొండకు అటు చివర! నా కంచరగాడిదకు కాలు వాచింది. ఇప్పుడు ఈ మోకాళ్ళతో ఎవడు పోతాడక్కడికి? నువ్వు పోతావా?"

"నువ్వెందుకు పోవాలి తాతా? అది పేజీలో ఉన్న కబురు..."

"చదివాను కదే! నోరారా చదివాను. చదివి పోకపోతే రేపు అగాపితా ముఖం ఎలా చూడను?"

పోయాడండీ. ఆ ముసలాయన నిజంగా పోయాడు. సగం రోజు నడిచి, కబురు చెప్పి, కాఫీ తాగి, మోకాళ్ళు పట్టుకుని కుంటుకుంటూ వచ్చాడు. దారిపొడుగునా కనబడ్డవాడికల్లా చెప్పాడు. "ఆ పేజీ జోలికి పోకండి బాబూ! రేడియోలో అయితే ఒక్కో కబురు చెవిన పడుతుంది. అందులో అన్ని కొండల కబుర్లూ ఒకేసారి మీదపడతాయి. ఒకసారి కళ్ళు పెట్టారంటే జన్మంతా మోస్తూ తిరగాలి!" ఆయన చెప్పడానికి ముందే చాలామందికి ఆ అనుమానం ఉందట. మా కొట్టులో వీపు తిప్పి నిలబడటం అందుకేనని అప్పుడు తెలిసింది. పొరపాటున కంటపడకుండా!

నేను పడీ పడీ నవ్వాను. దోన్ లౌతారో మాత్రం నవ్వలేదు. పరుగున వచ్చి సెరఫీనా ముందు నిలబడ్డాడు.

"దీనికి మందు తేలికే. ఇవాళే మైకులో చెప్పు. పేజీలో చూసిన కబురు మోయనక్కర్లేదని చెప్పు. అంతే, భయం పోతుంది."

"చెప్పను" అంది సెరఫీనా.

"చెప్పవా?"

"చెప్పను. ఇవాళ చూసిందాన్ని మోయనక్కర్లేదంటాను. రేపు విన్నదాన్ని మాత్రం ఎందుకు మోయాలని అడుగుతారు. అప్పుడు నేను మైకు ముందు కూర్చుని ఎవరికి చదవను? గోడకా?"

"గంట పోతుంది సెరఫీనా!"

"పోతే పోనీయండి. నా గంట నిలబెట్టుకోవడానికి వాళ్ళ పద్ధతి చెడగొట్టను."

ఆయన మీసం వణికింది. విసురుగా తలుపు వేసుకుని పోయాడు. ఆ సాయంత్రం ఆమె నా కొట్టు గడప మీద కూర్చుంది, కోడిపెట్ట పక్కన. నాకు ఒళ్ళు మండిపోయింది. "నీ మొండితనం తగలెయ్య! నోటిమాటగా ఒక్క ముక్క చెప్తే నీ సొమ్మేం పోతుంది?" అని అరిచాను. ఆమె నా అరుపు పట్టించుకోలేదు.

"ఎల్విరా, ఆ పేజీ ఎంత దూరం పోతుంది?"

"ఎంత దూరమైనా పోతుంది. లోకమంతా."

"తూర్పు అడవులకు? లాగో అగ్రియో దాకా?"

"అక్కడ కంప్యూటరు కొట్టు ఉంటే పోతుంది."

"మరి మన రేడియో వంతెన దాటి రెండు కొండలు పోతే గురగురమంటుంది కదే" అంది. అని లేచి నిలబడింది. "తెలివితక్కువదాన్ని. మనవాళ్ళను చూడమని చంపుతున్నాను. మనవాళ్ళు చూడనక్కర్లేదు. రాస్తే చాలు. చూసేవాళ్ళు అక్కడున్నారు."

మర్నాడు మధ్యాహ్నం చెప్పింది. "రేడియో అందని చోట మీవాళ్ళు ఎవరైనా ఉన్నారా? కరువులో పోయినవాళ్ళు, మళ్ళీ ముఖం చూపించనివాళ్ళు? వాళ్ళకు కబురు రాయించండి. మీరు పేజీ చూడొద్దు, అటు తిరిగి కళ్ళు మూసుకోండి. ఎల్విరా రాసి పెడుతుంది. అక్కడ ఉన్నవాళ్ళు కూడా మన కొండల్లో పుట్టినవాళ్ళే. కంటపడితే మోయకుండా ఉండలేరు."

భేషైన ఆలోచన. ఊరంతా మెచ్చుకుంది. రాయించడానికి మాత్రం ఒక్క పురుగు రాలేదు. ఆదివారం సంతలో మళ్ళీ మైకు పట్టుకుంది. వింటున్నవాళ్ళు చూపులు తిప్పుకున్నారు.

"పోయింది వాళ్ళు. ముందు వాళ్ళు పంపాలి" అన్నాడొకడు.

"చిన్నాన్న మా పొలం గట్టు కలిపేసుకుని పోయాడు. ఆయనకు నేను కబురు పంపాలా?" అంది మరొకామె.

అప్పుడు రొట్టెలు కాల్చే రొమెలియా, ఆమె నోటికి హద్దూ అదుపూ లేదు, బల్ల అవతల నుంచే అరిచింది. "మాకు చెప్తున్నావు సరే దోన్యా! నువ్వు పంపావా, మీ బెనాన్సియోకు?"

సెరఫీనా చేతిలో మైకు కీచుమంది. ముఖం నల్లగా మాడిపోయింది. మైకు ఉల్లిపాయల బుట్టలో పడేసి చరచరా వెళ్ళిపోయింది. నేను రొమెలియాను చెడామడా తిట్టాను. అది కూడా తప్పు ఒప్పుకోకుండా, "నిజమే కదా అన్నాను" అంటూ రొట్టెలు సర్దుకుంది. నిజమే. అదే బాధ.

సోమవారం పొద్దున్నే కొట్టు తెరుస్తుంటే గడప మీద కూర్చుని ఉంది. జడ బిగించి అల్లుకుంది, పండుగ శాలువా కప్పుకుంది.

"రాసుకో" అంది.

నేను కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఆమె మైకు గొంతుతోనే చెప్పింది. "ఎల్ లిమో కొండలో పుట్టిన బెనాన్సియో తందాసోకు, ఎక్కడున్నా సరే. నువ్వు పోయిన ఆరేళ్ళకు అమ్మ పోయింది. పోయేటప్పుడు నీ పేరే పిలిచింది, నా పేరు కాదు. నేను బతికే ఉన్నాను. గువాయకాల్‌లో కబుర్లు చదువుతాను. ఒకసారి రా. కంచరగాడిద గురించి అడగను."

"ఆఖరి ముక్క నిజమేనా?" అన్నాను.

"అబద్ధం. అయినా రాయి."

మధ్యాహ్నం అదే కబురును రేడియోలో చదివింది. తడబడలేదు. చదివి, ఆగి, నిదానంగా రెండోసారి చదివింది. "ఇది రేడియో అందనివాడికి. అందుకని పేజీలో పెట్టాను. తర్వాత ఎవరు?" అంది. గోడకు ఇవతల నేను ఏప్రాన్‌తోనే ముక్కు తుడుచుకున్నాను.

సాయంత్రానికి నా కొట్టు ముందు జనం. అందరికంటే ముందు రొమెలియా, చేతులకు పిండి అలాగే ఉంది. సిగ్గుపడుతూ, "మా అక్కకు రాయవే. ఏమని రాయాలో నాకు తెలియదు. బతికుందో లేదో అడుగు" అంది. పొలం గట్టు ఆమె వచ్చింది. కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఎర్మోహెనెస్ వచ్చాడు, "నేను చూడటం లేదు సుమా, మా తమ్ముడికి రాయి" అంటూ. నాకు తల ప్రాణం తోకకొచ్చింది. అన్ని కుటుంబాల కోపాలు, అన్ని కుటుంబాల ఏడుపులు నా వేళ్ళ మీదుగానే పోయాయి. పేజీ నిండిపోయింది.

కొన్నాళ్ళకు లాగో అగ్రియో నుంచి మా కొట్టుకు ఒక ఉత్తరం వచ్చింది, కంప్యూటర్‌లోనే. పంపింది దెల్ఫా హుంబో. "నేను ఎల్ లిమో హుంబో వాళ్ళమ్మాయిని. నేను పుట్టినప్పుడు ఆ కబురు దోన్యా సెరఫీనాయే చదివిందట, మా అమ్మ చెబుతూ ఉంటుంది. మొన్న ఏదో వెతుకుతుంటే మీ పేజీ కంటపడింది. కర్మ, మొత్తం చదివేశాను. ఇప్పుడు అన్నీ నా మెడకు చుట్టుకున్నాయి. కొందరిని పట్టుకున్నాను. బెనాన్సియో అనేవాడు మాత్రం దొరకడం లేదు. ఏదైనా గుర్తు చెప్పండి."

సెరఫీనాకు చదివి వినిపించాను.

"ఎడమ చెవి అంచు కొరికినట్టు ఉంటుందని రాయి."

"ఎవరు కొరికారు?"

"ఎవరు కొరికితే నీకెందుకు? నేనే."

ఆ దెల్ఫా ఒక్కతే మోయలేక అక్కడి మనవాళ్ళను పోగేసింది. ఒకరు చూసి పదిమందికి చెబితే, ఆ పదిమందీ తమకేమైనా ఉందేమోనని చూశారు. నదుల మీద పడవల్లో, పామాయిల్ తోటల్లో, ఎక్కడెక్కడో కబుర్లు చేరాయి. జవాబులు రావడం మొదలైంది. నేను వాటిని కాగితాల మీదికి ఎక్కించి గోడ సందులోంచి తోసేదాన్ని. సెరఫీనా ముందుగా చూసుకోకుండా మైకులోనే మొదటిసారి చదివేది, అది ఆమె పద్ధతి. పేజీ కింద అంకె పరుగులు పెట్టింది. ఎరువుల కంపెనీ మనిషి పట్నం నుంచి వచ్చి ఆ అంకె చూసి ముక్కున వేలేసుకున్నాడు. దోన్ లౌతారో మీసం దువ్వుకుంటూ, "నీ గంట నీదే సెరఫీనా. నేను ముందే అనుకున్నాను" అన్నాడు. అనుకున్నాడట, పాపం!

గంట నిలబడింది. ఆమె ముఖంలో మాత్రం ఆ వెలుగు లేదు. రొమెలియా అక్క దొరికింది. ఎర్మోహెనెస్ తమ్ముడు చనిపోయాడని తెలిసింది, కనీసం తెలిసింది. అందరి జవాబులూ సెరఫీనాయే చదివింది. ఆమెకు మాత్రం ఏదీ రాలేదు. అడిగితే, "గాడిద దొంగ, వాడెక్కడ పంపుతాడు" అనేది. కానీ గోడ సందులోంచి కాగితాలు తోసినప్పుడల్లా ఆమె చెయ్యి నా చేతికంటే ముందే అక్కడ ఉండేది.

పండుగ దగ్గరికొచ్చింది. ఆ రోజు వచ్చిన జవాబుల్లో అది ఉంది. నేను చదివాను. చదివి, ముందే వెళ్ళి చెప్పేద్దామని లేచాను, మళ్ళీ కూర్చున్నాను. అది మైకులో చదవవలసిన కబురు. కాగితాలన్నిటి అడుగున పెట్టి సందులోంచి తోశాను.

ఒక్కొక్కటీ చదువుతూ వచ్చింది. చివరి కాగితం తీసింది.

"గువాయకాల్‌లో సెరఫీనా తందాసోకు" అని మొదలుపెట్టి, ఊపిరి ఒకసారి లోపలికి తీసుకుంది. "లాగో అగ్రియో నుంచి బెనాన్సియో పంపుతున్నాడు. అమ్మ సంగతి విన్నాను. శనివారం వస్తున్నాను. వంతెన దగ్గరికి కంచరగాడిదను పంపొద్దు. నేనే తెస్తున్నాను."

ఆగింది. రెండోసారి చదవడానికి ముందు ఎప్పుడూ ఆగినట్టే ఆగింది. కానీ రెండోసారి రాలేదు. రేడియోలో ఒట్టి గాలి చప్పుడు. వీధిలో ఎవరో గిన్నె కడుగుతూ ఆపేశారు. కొండల మీద జనం బయటికి ఉరికి, లోయ అవతలివాళ్ళను కేకేసి, రెండో చదువు కోసం నిలబడి ఉంటారు. అది రాలేదు. గోడ సందులోంచి చూస్తే కాగితం మీద తల పెట్టి ఉంది. చివరికి దోన్ లౌతారో వచ్చి ఏదో పాట వేశాడు.

నేను ఆమెను ఇంటికి తీసుకెళ్ళి కుర్చీలో కూర్చోబెట్టాను. ఇంకా నీళ్ళు కూడా తాగలేదు, తలుపు చప్పుడైంది. రొమెలియా. ఏప్రాన్ విప్పి మడిచి చేతిలో పట్టుకుంది. ఎప్పుడూ లేనంత వినయంగా నిలబడి, "దోన్యా సెరఫీనా తందాసో, మీకు కబురు. లాగో అగ్రియో నుంచి బెనాన్సియో పంపుతున్నాడు. అమ్మ సంగతి విన్నాను..." అని మొత్తం చెప్పింది. ఒక్క మాట మార్చలేదు. సెరఫీనా ఆమె ముఖంలోకే చూస్తూ మొదటిసారి విన్నట్టు విన్నది. "కాఫీ తాగి వెళ్ళు" అంది.

ఆమె కాఫీ అవకముందే మరొకరు. తర్వాత ముగ్గురు. సాయంత్రమయ్యేసరికి కొండల మీది వాళ్ళు దిగడం మొదలుపెట్టారు. వాచిన కాలు మానిన కంచరగాడిద మీద ఎర్మోహెనెస్ వచ్చాడు, గుమ్మంలో టోపీ తీసి, దారిలో మరిచిపోకుండా వల్లెవేసుకుంటూ వచ్చిన కబురు చెప్పాడు. ఎల్ సౌసె నుంచి అగాపితా వచ్చింది. రెండో చదువు లేదు కాబట్టి ఎవరికి అందిందో ఎవరికి అందలేదో అని ప్రతివాడూ తానే మోయాలనుకున్నాడు. ఆమె చదివిన కబురునే ఆమెకు మోసుకొచ్చారు. ఎవరితోనూ ఆమె "తెలుసులే" అనలేదు. నేను వంటింట్లో కాఫీ మీద కాఫీ కాచాను. ఆ ఇంట్లో పొడి అయిపోయి పక్కింట్లో తెచ్చాను, అదీ అయిపోయింది. కోప్పడటానికి కూడా తీరిక లేదు.

ఇప్పుడు ఆ పేజీ లేదు. నా కొట్టు ఉన్న గదిలో కోళ్ళు కాల్చి అమ్ముతున్నారు. అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి, సెరఫీనా సమాధి మీద గువాయకాన్ చెట్టు పూలు ఏటేటా పసుపుపచ్చగా రాలుతున్నాయి. ఒక్కోసారి మధ్యాహ్నం పన్నెండుకు అలవాటుగా గోడ వైపు చెవి పెడతాను. ఆ రోజులు మళ్ళీ వస్తాయనుకునేంత పిచ్చిదాన్ని కాదు. కానీ ఆ శనివారం మాత్రం నా కళ్ళ ముందు నుంచి పోదు.

ఊరంతా వంతెన దగ్గరే ఉంది. బస్సు వచ్చింది, అందులో బెనాన్సియో లేడు. సెరఫీనా పెదవి ఒక పక్కకు తిరిగింది. బస్సు రేపిన దుమ్ము అణిగాక, మలుపు దగ్గర ఒక ముసలివాడు నడుచుకుంటూ వస్తున్నాడు. దారిలో కాతకోచా ఊరి సంతలో కొన్న కంచరగాడిదను తాడు పట్టుకుని నడిపిస్తూ, అక్కణ్ణుంచి ఇక్కడి దాకా దాని మీద ఎక్కకుండా నడిచి వచ్చాడు. బూట్ల నిండా దుమ్ము. ఎడమ చెవి అంచు కొరికినట్టు ఉంది. సెరఫీనాకు నాలుగడుగుల దూరంలో ఆగి, టోపీ తీసి నిలబడ్డాడు.

ఆమె అతని వైపు చూడలేదు. తిన్నగా కంచరగాడిద దగ్గరికి వెళ్ళింది. దాని మూతి పట్టుకుని, పెదవి ఎత్తి పళ్ళు చూసింది.

"ముసలిదాన్ని అంటగట్టారు నీకు" అంది.

"తెలుసు" అన్నాడు బెనాన్సియో. "కావాలనే తెచ్చాను. కుర్రదైతే మళ్ళీ ఎక్కి పారిపోతానేమోనని భయం వేసింది."

సెరఫీనా అతని చేతిలోంచి తాడు తీసుకుంది. తన మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకుంది. అప్పుడు అన్న ముఖంలోకి చూసి, రెండో చెయ్యి ఎత్తి, ఆ కొరికిన చెవిని పట్టుకుంది.

"పద, ఇంటికి" అంది. "కాఫీ పొడి లేదు, నీ కబురు మోసుకొచ్చినవాళ్ళే అంతా తాగేశారు."